బిడ్డ ఎదిగింది.. తొట్టెల దిగింది
పాత సామాను ఇంటికి ఎన్నిటికో పనికొస్తున్నది. పాలసీసా మాత్రం చేనుకు పోరాదు

చండూరు: బిడ్డ తప్పటడుగులు దాటి వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెత్తడం మొదలు పెట్టిందంటే ఆ ఇంట్లో ఒక పని మిగిలి ఉన్నట్టే. దూలానికి వేలాడుతున్న తొట్టెలను దింపాలి. కొక్కేలకున్న తాళ్ళు విప్పి, చెక్కల సందుల్లో చేరిన దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి ఎండకు పెడతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలి? దానితోపాటు పొత్తిగుడ్డలు, గొడుగు దోమతెర, పాలపొడి డబ్బాలు, నీళ్ళు పోసిన టబ్బు, చక్రాల బండి, పాలసీసాలు.. ఇవన్నీ ఏం చెయ్యాలి?

పట్నంలో అయితే పాత సామాన్లు కొంటామని మైకు పెట్టుకుని వచ్చే ఆటోవాడికి వేసేస్తారు. నల్లగొండ జిల్లా పల్లెల్లో అంత తొందర లేదు. చండూరు, మునుగోడు, నాంపల్లి వైపు ఇళ్ళలో ఒక వస్తువు బిడ్డ చేతిలోంచి జారిన తర్వాతనే దాని అసలు సంసారం మొదలవుతుంది. వంటింట్లో కొన్ని, కొట్టంలో కొన్ని, పెరట్లో కొన్ని కొత్త కొలువులో చేరుతున్నాయి. అన్నీ మంచి కొలువులే అయితే చెప్పుకోవలసింది పెద్దగా లేదు. ఒకటి మాత్రం పత్తిచేను దాకా పోతున్నది. దాని సంగతి చివర చూద్దాం.

తొట్టెల ఊళ్ళు తిరుగుతుంది

ఇరవయ్యొకటో దినాన బిడ్డను తొట్టెలలో వేయడం ఇక్కడి ఆచారం. తల్లిగారు తెచ్చిన తొట్టెలకు పసుపు కుంకుమలు పెట్టి, ముత్తయిదువలు పాటలు పాడి బిడ్డను పడుకోబెడతారు. ఊరి వడ్రంగి చేత చేయించిన కర్ర తొట్టెల అయితే రెండు మూడు తరాలు నిలుస్తుంది. ఇప్పుడు బజారులో దొరికే ఇనుప చువ్వల ఉయ్యాల తుప్పు పట్టేదాకే.

దిగిన తొట్టెల అటకెక్కే ఇళ్ళు తక్కువ. పెద్ద కూతురికి పెట్టింది చిన్న కూతురికి పోతుంది. అక్కడి నుంచి మేనమామ ఇంటికి, అక్కడి నుంచి మళ్ళీ తల్లిగారింటికి. ఈ తిరుగుడులో ఎవరూ దానిని తమదని దాచుకోరు. పోయేటప్పుడు మాత్రం ఖాళీగా పంపరు. కొంచెం బియ్యమో, ఒక రవిక గుడ్డో, ఏదీ లేకుంటే ఇంత బెల్లం ముక్కో అందులో పెట్టి పంపుతారు. ఖాళీ తొట్టెలను ఊపరాదని కూడా పెద్దవాళ్ళు పిల్లలను గదమాయిస్తారు. ఊపితే బిడ్డకు కడుపునొప్పి వస్తుందని నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, పిల్లలు ఎక్కి ఊగి తాళ్ళు తెంపకుండా ఆ మాట కాపాడుతున్నది.

బిడ్డల సందడి ముగిసిన ఇంట్లో మాత్రం తొట్టెలకు వేరే పని పడుతుంది. ఒకచోట ఎల్లిగడ్డలు, ఉల్లిగడ్డలు పోసి నీడన వేలాడదీశారు. నాలుగు వైపులా గాలి తగులుతుంది కనుక కుళ్ళవు, ఎలుక ఎక్కలేదు. ఇంకొకచోట బొంతలు, దుప్పట్లు మడిచి పెట్టారు. కర్ర తొట్టెలలో గడ్డి పరిచి కోడిని పొదగేసిన ఇల్లు కూడా ఉన్నది. ఆ ఇంటి పెద్దావిడకు ఇది మొదట ఇష్టం లేదు. మనుమలు పడుకున్న తొట్టెలలో కోడిని పెడతారా అని కోడలి మీద కోప్పడింది. పిల్లలు లేచినప్పుడు, పెట్ట వెనుక వరుస కట్టినప్పుడు, అదీ ఒక బాలింతే గదా అని తానే సర్దుకున్నది.

పాతబట్టకే మొదటి మర్యాద

పసిగుడ్డును మొట్టమొదట చుట్టేది కొత్త బట్టలో కాదు. పురుడు తీరేదాకా ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్కలోనే చుడతారు. కొత్త బట్టలోని గంజి, రంగు పసి ఒంటికి పడవన్నది అనుభవం నేర్పిన సంగతి. బిడ్డలు నిలవని ఇల్లాలు, ఆరోగ్యంగా పెరిగిన బిడ్డ తొడిగిన చొక్కాను అడిగి తెచ్చుకునే ఆచారం కొన్ని ఇళ్ళలో ఉన్నది. పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టుకున్న కాలపు భయమే ఇందులోనూ కనిపిస్తుంది. అలా అడిగితే ఎంత కొత్త చొక్కా అయినా కాదనరు. తిరిగి ఇమ్మనీ అనరు.

పంచిపెట్టగా మిగిలిన పొత్తిగుడ్డలు, చిరిగిన చొక్కాలు బొంతలో పడతాయి. పైనా కిందా పాత చీర, మధ్యలో ఈ గుడ్డలు పొరలు పొరలుగా పరిచి, నాలుగంచుల నుంచి లోపలికి వరుస కుట్టు వేసుకుంటూ వస్తారు. పత్తి ఏరడం అయిపోయి చేతులు ఖాళీ అయ్యాక, ఎండాకాలం పగటిపూట అరుగుల మీద ఈ కుట్లు సాగుతుంటాయి. దేవరకొండ వైపు లంబాడీ తండాలలో ఆడవాళ్ళ కుట్టుపనికి సాటి లేదు. పాత గుడ్డ ముక్క అయినా వారి చేతిలో పడితే అద్దం బిళ్ళతో మెరుస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఉన్నది. బొంతలోకి నూలు గుడ్డలే పనికొస్తాయి. ఇప్పుడు పిల్లలకు వేస్తున్న నున్నటి పాలిస్టర్ గౌన్లు చెమట పీల్చవు. పొయ్యి దగ్గర గిన్నెలు దింపే పట్టుగుడ్డగా అసలే వాడరాదు. వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. మసిగుడ్డకు, పట్టుగుడ్డకు పాత నూలు పొత్తిగుడ్డ నాలుగు మడతలు వేసి కుట్టుకుంటే సరి.

పొత్తిగుడ్డకు ఇన్ని జన్మలుంటే, దాని స్థానంలో వచ్చిన డైపరుకు ఒక్కటే జన్మ. పైగా అది కూడా సుఖంగా ముగియడం లేదు. మురుగు కాలువలో పడి ఉబ్బి నీటికి అడ్డం పడుతున్నది. కాల్చినా పూర్తిగా కాలదు, పాతినా కుళ్ళదు. రాత్రి ఒక్కటి వాడి పగలు గుడ్డలే కడుతున్న తల్లులు ఉన్నారు. ఖర్చు కలిసి వస్తుందనే ఆ పని చేస్తున్నా ఊరి కాలువకు అది మేలే.

గొడుగు తెర కింద కోడిపిల్లలు

గొడుగులాగా విప్పి మూసే చిన్న దోమతెరలు పల్లెల్లోకి ఎక్కువగా రావడానికి ఒక కారణం ఉన్నది. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లికి మగబిడ్డ అయితే 12,000, ఆడబిడ్డ అయితే 13,000 రూపాయల సాయం ప్రకటించారు. దానితోపాటు ఇచ్చిన సామానులో బిడ్డ పరుపు, దోమతెర, సబ్బు, నూనె, బట్టలు ఉండేవి. సబ్బు, నూనె అయిపోయాయి. బట్టలు బిగుతయ్యాయి. దోమతెరలు చాలా ఇళ్ళలో మిగిలాయి.

వాటికి దొరికినన్ని పనులు మరే వస్తువుకూ దొరకలేదంటే అతిశయోక్తి కాదు. అన్నం గిన్నెల మీద మూతగా పెడితే ఈగ వాలదు. మిద్దె మీద వడియాలు, అప్పడాలు ఎండబెట్టినప్పుడు కాకి ముట్టదు. మిరప, టమాట, వంగ నారు పోసిన చిన్న మడి మీద బోర్లిస్తే కోళ్ళు కెలకవు, మిడత కొరకదు. నారు నాలుగాకులు వేశాక పగటిపూట కొంతసేపు తీసి గాలి ఆడనిస్తే మొక్క సన్నబడదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్నది కోడిపిల్లల మీద. పెట్టతో సహా తిరిగే పిల్లలను గద్ద ఎత్తుకుపోతున్నదని విసిగిన గృహిణులు, పిల్లలు పుట్టిన మొదటి వారం రోజులు నూకలు చల్లి ఈ తెర కిందనే ఉంచుతున్నారు. అంచు మీద నాలుగు రాళ్ళు పెట్టకపోతే పిల్లి మూతి దూరుస్తుంది. రాళ్ళు మరచిన రోజున లెక్క తగ్గుతున్నదని నవ్వుతూనే చెబుతారు.

చిన్న చిన్న కొలువులు

ఉగ్గుగిన్నె ఇప్పుడు పుట్టే బిడ్డలకు పెద్దగా తెలియదు. ఒకవైపు ముక్కు ఉండే ఆ చిన్న గిన్నె ఇత్తడిదో కంచుదో పాత ఇళ్ళలో ఇంకా ఉన్నది. బాగా తోమి దేవుడి గూట్లో పెట్టారు. ప్రమిదలోకి నూనె ఒలకకుండా పోయడానికి ఆ ముక్కును మించినది లేదు.

రేకు పాలపొడి డబ్బాలు ఒకప్పుడు ప్రతి ఇంట్లో వరుసగా కనిపించేవి. ఇప్పుడు పొడి అట్టపెట్టెలలోనూ వస్తున్నది కనుక డబ్బా దొరికితే వదలడం లేదు. జీలకర్ర, మెంతులు, ఆవాలు వేసుకుంటారు. చింతపండు, ఊరగాయ మాత్రం వేయరు, పులుపుకు రేకు తినిపోతుంది. బీర, సొర, బెండ విత్తనాలు బాగా ఎండబెట్టి, ఇంత బూడిద, నాలుగు ఎండు వేపాకులు కలిపి మూత బిగిస్తే వానాకాలం దాకా పురుగు పట్టదు. డబ్బాలో వచ్చిన చెంచాకు చాయ్‌పత్తి కొలిచే ఉద్యోగం దొరికింది.

వెండి మొలతాడు, కడియాల కథ వేరు. బిడ్డ కాలికి బిగుతయ్యాక వాటిని కరిగించి తర్వాతి బిడ్డకు చేయిస్తామనుకుంటారు. మృగశిర కార్తెలో పత్తి గింజలు కొనే వేళకు అవి కుదువ కొట్టుకు చేరుతున్నాయి. కొన్ని తిరిగి వస్తాయి, కొన్ని రావు. ఇత్తడి గజ్జెలు కుదువకు పనికిరావు కనుక మేకపిల్ల మెడలోకి వచ్చి ఇంట్లోనే మోగుతున్నాయి.

నీళ్ళు పోసిన ప్లాస్టిక్ టబ్బుకు అడుగున పది బెజ్జాలు పొడిచి, సగం మట్టి, సగం మాగిన పశువుల ఎరువు నింపి మెంతులో కొత్తిమీరో చల్లుతున్నారు. మెంతికూర నెల తిరగకముందే కోతకు వస్తుంది. బెజ్జాలు పొడవని టబ్బును నీళ్ళతో వాకిట్లో వదలరాదు. పాకే బిడ్డ మునగడానికి జానెడు నీళ్ళు చాలు, దోమ గుడ్లు పెట్టడానికి అంత కూడా అక్కరలేదు.

నడక బండ్లలో కర్రతో చేసే మూడు చక్రాల బండి పాతది. బిడ్డ నిలబడి తోసుకుంటూ పోతుంది. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే గుండ్రని ప్లాస్టిక్ వాకరు తర్వాత వచ్చింది. గడప దిగి దొర్లిపోవడం, వేడి గిన్నెలను అందుకోవడం వల్ల ప్రమాదాలు జరుగుతున్నాయని కెనడా దేశం 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. కనుక దానిని పక్కింటి బిడ్డకు ఇచ్చే కంటే విప్పి చక్రాలు తీసుకోవడం మేలు. ఆ చక్రాలను చెక్కకు బిగించి గ్యాస్ సిలిండరు కింద పెట్టుకున్న ఇళ్ళున్నాయి. కర్ర బండి మీద బిందె పెట్టి నల్లా దగ్గరి నుంచి తోసుకొచ్చే పిల్లలూ ఉన్నారు. బిందెలో సగం నీళ్ళే మిగులుతాయన్నది వేరే సంగతి.

గీతలున్నందుకే చిక్కు

ఇక పాలసీసా. బిడ్డ విడిచిన సామానులో ఇంకొక బిడ్డకు ఇవ్వరానిది ఇదొక్కటే. రబ్బరు పీక పగుళ్ళలో, సీసా మూల మడతల్లో పాలు నిలిచి క్రిములు చేరతాయి, బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కరలేదని, తర్వాత కూడా గిన్నె, చెంచాతోనే పట్టాలని డాక్టర్లు చెబుతున్నారు. సీసాలకు, పాలపొడికి ప్రచారం చేయరాదని 1992లో చట్టమే వచ్చింది. అయినా సీసాలు ఇళ్ళలో ఉన్నాయి. బిడ్డ మానేశాక మిగులుతున్నాయి.

దానికి దొరికిన మంచి కొలువు మేకల కొట్టంలో ఉన్నది. తల్లి చనిపోయిన పిల్లకు, ఈతకు మూడు పిల్లలు పుట్టి పాలు చాలని పిల్లకు ఈ సీసాతోనే పాలు పడుతున్నారు. పుట్టిన కొద్ది గంటల్లో ముర్రుపాలు పడితే పిల్ల నిలుస్తుంది. పాలు గోరువెచ్చగా ఉండాలి. పిల్ల మెడను మరీ పైకెత్తరాదు, ఎత్తితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పీక బెజ్జాన్ని కాల్చిన సూదితో కొంచెం పెద్దది చేస్తారు. సీసా మెడకు ఎర్ర దారం కట్టి కొట్టంలోనే గూట్లో పెడితే మళ్ళీ ఇంట్లోకి రాదు.

రెండవ కొలువు గురించే భయపడవలసింది. పాలసీసా మీద 30, 60, 90 అని మిల్లీలీటర్ల గీతలు ఉంటాయి. పత్తి చేనులో మందు కొట్టేటప్పుడు కావలసింది సరిగ్గా అదే. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు అని చెబితే 16 లీటర్ల పంపుకు 32 కావాలి. డబ్బా మూతతో కొలిస్తే ఒక్కొక్క మూత ఒక్కొక్క సైజు. చేతికందే గీతల గిన్నె ఇంట్లో ఇదొక్కటే. కనుక మంచి ఆలోచనే అనుకుని సీసాను చేనుకు తీసుకుపోతున్నారు. సాయంత్రం పంపుతోపాటు అది కూడా ఇంటికి వస్తుంది. కడిగి కొట్టంలో చూరుకు దోపుతారు.

చండూరు వైపు ఒక ఊళ్ళో జరిగింది ఇది. అన్నం వండుతున్న తల్లి, రెండేళ్ళ కొడుకు చప్పుడు చేయడం లేదని లేచి చూసింది. వాడు పశువుల కొట్టంలో కూర్చుని ఉన్నాడు. చూరులోంచి జారిపడ్డ సీసా చేతిలో ఉన్నది. అది వాడు ఆరు నెలల కిందట మానేసిన సీసాయే. గుర్తుపట్టాడు. నోటికి ఎత్తబోతుండగా ఆమె లాక్కున్నది. సీసా ఖాళీయే, కానీ అడుగున తెల్లటి మందు చుక్క ఆరకుండా ఉన్నది. సబ్బు పెట్టి వాడి చేతులు, మూతి కడిగి, ఒంటి మీది బట్టలు తీసేసి ఆసుపత్రికి తీసుకుపోయారు. సాయంత్రం దాకా ఉంచి చూసి, ఏమీ కాలేదని పంపించారు. ఆ ఇంటాయన ఆ తర్వాత చాలా రోజులు కొట్టంలో అడుగుపెట్టినప్పుడల్లా చూరు వైపే చూసేవాడు.

పెద్దవాళ్ళకు అది కొలత గిన్నె. బిడ్డకు మాత్రం ఎప్పటికీ పాలసీసాయే. మందు సీసా మీద బొమ్మలు, రంగులు చూసి పిల్లవాడు ముట్టకపోవచ్చు. తన సీసాను ముట్టకుండా ఉండడు. ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది కనుక ఎన్నిసార్లు కడిగినా నమ్మకం లేదు.

వంటింటి వస్తువుకు, చేను వస్తువుకు మధ్య గీత చెరిగితే ఏమవుతుందో 2013 జూలై 16న బీహార్‌లోని సారన్ జిల్లా గండామన్ గ్రామంలో దేశమంతా చూసింది. బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. పత్తి రైతులకు ఆ మందు పేరు కొత్త కాదు.

గీతల గిన్నె కావాలంటే మందు దుకాణంలో కొలత గ్లాసు అడగాలి. కొన్ని మందుల డబ్బాలతోపాటే ఇస్తారు. అదీ లేకుంటే ఒక పాత గ్లాసుకు గీతలు గీసుకుని, దానికి చిల్లు పొడిచి పంపు పిడికే తాడుతో కట్టేస్తే ఇంట్లోకి రాదు. మందు డబ్బా మీద ఉండే త్రికోణంలో ఎరుపు రంగు అన్నిటికంటే ఎక్కువ విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా పిల్లల చేతికి అందకుండా తాళం వేయవలసిందే. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి, బావికీ చెరువుకూ దూరంగా పాతిపెట్టాలి.

బిడ్డ మందు మింగినట్టు అనుమానం వస్తే వాంతి చేయించరాదు. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, సబ్బునీళ్ళు తాగించరాదు. తడిసిన బట్టలు తీసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, వెంటనే 108కు ఫోను చేయాలి. మందు డబ్బాను వెంట తీసుకుపోవాలి. పేరు తెలిస్తేనే డాక్టరు విరుగుడు త్వరగా ఇవ్వగలుగుతాడు.

సీసాను చూరులోంచి తీసిన ఆ ఇంట్లో దాన్ని కత్తితో రెండుగా కోసి డబ్బాలతోపాటే పాతిపెట్టారు. మిగిలిన సామాను మాత్రం కొలువుల్లోనే ఉన్నది. దోమతెర కింద ఈసారి తొమ్మిది కోడిపిల్లలు. తొట్టెల తాళ్ళు కట్టిన దూలపు కొక్కేలకు ఇప్పుడు విత్తనానికి దాచిన జొన్నకంకులు వేలాడుతున్నాయి. ఇంటి ఆడబిడ్డ రెండో కాన్పుకు వచ్చేదాకా అవి అక్కడే ఉంటాయని, ఆమె వచ్చిన రోజున కంకులు దింపి కొక్కేలకు నూనె రాయాలని అత్త కోడలికి చెప్పి పెట్టింది. తొట్టెల చిన్నమ్మ ఇంట్లో ఉన్నది. కబురు పంపారు.